చుక్క ఎక్కడ పడిందో చూడండి: చేతి లేజర్ మీటర్‌తో కొలతలు

(తాపీ మేస్త్రీలు, కార్పెంటర్లు, ఇంటీరియర్ పనివాళ్లు, ఐటీఐ విద్యార్థుల కోసం జరిగిన ఒక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ పూట కూలి వదులుకుని వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా నేరుగా కొలత దగ్గరికే వెళ్దాం.

ఇదిగో, నా చేతిలో ఉన్నది లేజర్ మీటర్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దీని వీపు ఈ గోడకు ఆనించాను. బటన్ ఒకసారి నొక్కితే ఎదురుగా ఎర్ర చుక్క పడుతుంది. రెండోసారి నొక్కితే కొలత వస్తుంది. నొక్కుతున్నాను... 6 మీటర్ల 212 మిల్లీమీటర్లు అంటోంది. ఈ హాలు అంత చిన్నదా? కాదు కదా. మూడో వరసలో నీలం చొక్కా తమ్ముడూ, కొంచెం పక్కకు జరుగు. చుక్క నీ భుజం మీద పడింది. ఇప్పుడు మళ్లీ నొక్కుతాను. 11 మీటర్ల 480. ఇదీ మన హాలు.

మొదటిసారి మీటర్ తప్పు చెప్పిందా? చెప్పలేదు. గోడ నుంచి ఆ తమ్ముడి భుజం దాకా సరిగ్గా అంతే ఉంది. నేను తెలుసుకోవాలనుకున్నది ఒకటి, మీటర్‌ని అడిగింది ఇంకొకటి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మీటర్ తన దగ్గర్నుంచి చుక్క పడిన చోటి దాకా ఎంతుందో చెబుతుంది. ఎక్కడి నుంచి కొలవాలి, ఎక్కడి దాకా కొలవాలి అన్నది దానికి తెలియదు. అది మనం చూసుకోవాలి.

నేను సైట్ సూపర్‌వైజర్‌గా పని మొదలుపెట్టినప్పుడు టేపు తప్ప మరొకటి లేదు. లేజర్ మీటర్ చేతికొచ్చిన కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఇప్పటికీ అదే తప్పు చాలా సైట్లలో జరుగుతూనే ఉంది.

ఒక అపార్ట్‌మెంట్‌లో వంటగది గట్టుకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేస్తున్నాం. తెలుసుగా, నల్లటి రాయిలో బంగారపు చుక్కలు మెరుస్తుంటాయి, మన ప్రకాశం జిల్లా రాయి. మీటర్‌ని అడుగుల్లో పెట్టి గట్టు పొడవు కొలిచాను. తెర మీద 8.90 అని వచ్చింది. చీటీ మీద 8.9 అని రాసి, కుర్రాడికిచ్చి రాయి కోసే షాపుకి పంపాను. అక్కడ రాయి కోసే ఆయన దాన్ని ఎలా చదివాడు? 8 అడుగుల 9 అంగుళాలు. మీలో ఎవరైనా అలాగే చదువుతారు. మన దగ్గర పదిన్నర అడుగులను 10.6 అని రాసే అలవాటు ఉంది, చుక్క తర్వాత ఉన్నవి అంగుళాలే అనుకుంటాం. మీటర్‌కి ఆ అలవాటు లేదు. దాని లెక్కలో 8.90 అంటే 8 అడుగులు, ఇంకో అడుగులో పదింట తొమ్మిది వంతులు. అంటే 8 అడుగుల పదిముప్పావు అంగుళాలు. రాయి దాదాపు ఒకటిముప్పావు అంగుళం పొట్టిగా వచ్చింది.

నాలుగు రోజుల్లో గృహప్రవేశం. రాయి దించి గట్టు మీద పెట్టగానే ఫ్రిజ్ వైపు గోడకీ రాయికీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు. ఆ ఇంటావిడ ఆ సందులో వేలు పెట్టి చూసి, "ఇందులోకి నీళ్లు పోతాయి కదా బాబూ, బొద్దింకలు చేరితే నేనేం చేయను?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పలక డబ్బు నేనే పెట్టుకుని వేరే రాయి తెప్పించాను. డబ్బు సంగతి అలా ఉంచండి, రెండు రాత్రులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

ఆ రోజు నుంచి నా పుస్తకంలో అన్నీ మిల్లీమీటర్లే. ఆ గట్టు కొలత ఇప్పుడైతే 2713 అని రాస్తాను. చుక్క లేదు, అడుగు లేదు, అంగుళం లేదు. 2713ని ఇంకోలా చదివేవాడు ఉండడు. అడుగుల్లోనే కావాలనే కస్టమర్ ఉంటే నోటితో అడుగుల్లో చెప్పండి. కోతకు వెళ్లే చీటీలో మాత్రం మిల్లీమీటర్లు వేయండి. అడుగుకి 304.8, అంగుళానికి 25.4. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు. కొన్ని మీటర్లలో అడుగులు, అంగుళాలు విడివిడిగా చూపించే పద్ధతి కూడా ఉంటుంది. మీ మీటర్ ఏ పద్ధతిలో ఉందో పొద్దున్నే ఒకసారి చూసుకోండి. జేబులో బటన్ నొక్కుకుపోయి పద్ధతి మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెబుతాను. ఐటీఐ పిల్లలు వినండి, మిగతావాళ్లకీ పనికొస్తుంది.

కొండ ముందు నిలబడి అరిస్తే కాసేపటికి ప్రతిధ్వని వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో లెక్కపెడితే కొండ ఎంత దూరమో తెలుస్తుంది. లేజర్‌తోనూ అలా కొలవొచ్చు. 1969 జులైలో అపోలో 11లో వెళ్లినవాళ్లు చంద్రుడి మీద అద్దాల పలక ఒకటి పెట్టి వచ్చారు. ఇక్కడి నుంచి లేజర్ వెలుగు పంపితే అది ఆ అద్దాలకు తగిలి సుమారు రెండున్నర సెకన్లకు వెనక్కి వస్తుంది. దాన్నిబట్టే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరం జరుగుతున్నాడని తెలిసింది. లక్షల కిలోమీటర్ల అవతల సెంటీమీటర్ల లెక్క! నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

మన గది గోడ అంత దూరంలో లేదు. వెలుగు సెకనుకి 29,97,92,458 మీటర్లు పోతుంది. 5 మీటర్ల దూరంలో ఉన్న గోడకి వెళ్లి రావడానికి దానికి సెకనుని 3 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం చాలు. అందులో మిల్లీమీటరు తేడా పట్టాలంటే ఎంత చురుకైన గడియారం కావాలో ఆలోచించండి. అంత గడియారాన్ని ఇంత చిన్న పెట్టెలో పెట్టడం కష్టం. అందుకని చేతి మీటర్లలో చాలావరకు ఇంకో ఉపాయం వాడతారు. లేజర్ వెలుగుని ఒక తాళానికి కట్టినట్టు పెంచుతూ తగ్గిస్తూ పంపుతారు. సెకనుకి కోట్లసార్లు.

చెక్కభజన చూశారుగా. బారుగా నిలబడి వాయిస్తుంటే దూరంగా ఉన్నవాళ్ల చెక్కల చప్పుడు మనకు రవ్వంత ఆలస్యంగా వినిపిస్తుంది. తాళం తెలిసినవాడు ఆ తేడా పట్టేస్తాడు. మీటర్ కూడా తను పంపిన తాళాన్నీ తిరిగొచ్చిన తాళాన్నీ పక్కపక్కన పెట్టి, ఎంత వెనకబడిందో చూస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. సెకనుకి 10 కోట్లసార్లు పెరిగి తగ్గే వెలుగులో ఒక్కో అల పొడవు 3 మీటర్లు. రానూపోనూ కలిపి చూస్తే ప్రతి మీటరున్నరకీ అదే తేడా మళ్లీ వస్తుంది. అర తాళం వెనకబడిందా, ఒకటిన్నర తాళం వెనకబడిందా అన్నది ఆ ఒక్క తాళంతో తేలదు. అందుకని మీటర్ వేర్వేరు తాళాలతో కొలుస్తుంది. గడియారంలో చిన్న ముల్లు ఏ గంటో చెబితే పెద్ద ముల్లు ఎన్ని నిమిషాలో చెబుతుంది చూడండి, అలాగన్నమాట. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి అంకె చూపించేది అందుకే. ఆ క్షణంలో చెయ్యి కదపకండి.

లేజర్ పుట్టింది 1960లో. ఇలా చేతిలో పట్టే మీటర్ బజారుకి వచ్చింది 1993లో, లైకా కంపెనీ తెచ్చిన డిస్టో. సర్వే వాళ్లు కొందరు ఏ కంపెనీది చూసినా డిస్టో అనే అంటారు. ఇప్పుడు రకరకాల మీటర్లు దొరుకుతున్నాయి. మామూలు మీటర్ల మీద సాధారణంగా ప్లస్ ఆర్ మైనస్ 2 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. నాణ్యమైన వాటిలో ఒకటి, ఒకటిన్నర.

మరి టేపు పారేయాలా అని అడుగుతారు. వద్దు. మీటరు లోపు కొలతలకి నేను ఇప్పటికీ టేపే తీస్తాను. టేపు చివర కొక్కెం కాస్త కదులుతూ ఉంటుంది, గమనించారా? అది పాడైందనుకుని సుత్తితో కొట్టి బిగించేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అంచుకి తగిలించి లాగినప్పుడు కొక్కెం తన మందమంత బయటికి జరగాలి, గోడకి నొక్కినప్పుడు అంతే లోపలికి పోవాలి. రెండు రకాల కొలతా సరిగ్గా రావాలనే దాన్ని అలా వదులుగా పెట్టారు.

టేపుకి రెండు బలహీనతలు. పొడవు పెరిగేకొద్దీ మధ్యలో వేలాడుతుంది. రెండోది ఎండ. ఉక్కు టేపు వేడికి సాగుతుంది. 30 మీటర్ల టేపు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం స్లాబ్ మీద పడేసిన టేపు ఎంత కాలుతుందో మీకు నేను చెప్పాలా? ఈ బాధ పాతదే. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే ఇంగ్లిష్ అధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ ప్రాంతంలో దేశం మొత్తాన్నీ కొలిచే పని మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ల గీతని 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచారు. గొలుసుకి ఎండ తగలకుండా నీడ పట్టి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వారాల తరబడి కొలిచారు. ఆ సర్వే మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి వచ్చినప్పుడు లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ జ్వరంతో మంచాన పడ్డాడు. పేరు ఆ శిఖరానికి పెట్టారు గానీ, ఆయన కష్టపడ్డది మన అడవుల్లో. దూరం కొలవడానికి అంతటి యాతన పడ్డవాళ్ల తర్వాత మనం బటన్ నొక్కుతున్నాం. కాబట్టి ఆ నొక్కేది శ్రద్ధగా నొక్కాలి.

సరే, ఇప్పుడు మొదటి సగం: ఎక్కడి నుంచి.

మీటర్ తెర మీద ఒక మూల చిన్న బొమ్మ ఉంటుంది, మీటర్ బొమ్మ, పక్కన బాణం గుర్తు. కొలత మీటర్ వీపు నుంచి మొదలవుతోందా, ముక్కు నుంచి మొదలవుతోందా అని ఆ బాణం చెబుతుంది. మీటర్ పొడవు ఇంచుమించు 10, 12 సెంటీమీటర్లు ఉంటుంది. వీపు గోడకి ఆనించి, గుర్తేమో ముక్కు దగ్గర ఉంటే కొలత ఆ 10, 12 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. వార్డ్‌రోబ్ తలుపు లెక్క మొత్తం పోయినట్టే. కొన్నిటికి వెనకవైపు మడత పిన్ను ఉంటుంది. గది మూలల్లోకి మీటర్ వీపు దూరదు కాబట్టి ఆ పిన్ను తెరిచి మూలలో పెడతాం. కొన్ని మీటర్లు పిన్ను తెరవగానే తమంతట తామే లెక్క మార్చుకుంటాయి, కొన్నిటికి మనమే మార్చాలి. మీది ఏ రకమో ఇప్పుడే తేల్చుకోండి. ఇంటికి వెళ్లాక ఒక గోడ నుంచి ఎదురు గోడకి పిన్ను లేకుండా ఒకసారి, పిన్ను తెరిచి ఒకసారి కొలవండి. రెండూ ఒకటే వస్తే అది తనే మార్చుకుంటున్నట్టు.

వీపు ఆనించే చోటు కూడా శుభ్రంగా ఉండాలి. ప్లాస్టరింగ్ చేసిన గోడ మీద ఒక్క ఇసుక రేణువు, మిల్లీమీటరంత, వీపు ఒక అంచు కింద ఉందనుకోండి. 5 మీటర్ల అవతల చుక్క దాదాపు 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. నేను మీటర్ పెట్టేముందు గోడని అరచేత్తో ఒకసారి తుడుస్తాను. చూడండి, ఇలా. అలవాటైపోయింది.

ఇప్పుడు రెండో సగం: ఎక్కడి దాకా. అసలు తప్పులన్నీ ఇక్కడే.

చుక్క తిన్నగా ఎదురుగా పడాలి. పక్కకు పోతే మనం ఏటవాలు దూరం కొలిచినట్టు, అది ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ఎంత ఎక్కువ? 5 మీటర్ల గదిలో చుక్క ఒక జాన పక్కకు జరిగితే 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదేమంత అంటారా? రెండు జానలు జరిగితే 10 కాదు, 20 పెరుగుతుంది. దీనికి మందు మీటర్‌లోనే ఉంది. బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే అది ఆగకుండా కొలుస్తూనే ఉంటుంది. అలా పెట్టి చుక్కని గోడ మీద మెల్లగా కుడికీ ఎడమకీ, పైకీ కిందికీ ఊపండి. ఉయ్యాల ఊపినట్టు నిదానంగా. తెర మీద మిన్, మ్యాక్స్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మిన్ అంటే అన్నిటికంటే తక్కువ వచ్చింది. గోడకి గోడకి కొలతైతే అదే మనకు కావలసింది, తిన్నగా పడింది అదొక్కటే.

మూల నుంచి మూలకు, మేస్త్రీలు ఐమూల అంటారే, దానికి తిరగేసి మ్యాక్స్ చూడాలి. మూల అంటే గదిలో అన్నిటికంటే లోపలికి ఉన్న చోటు కదా. చుక్కని మూల దగ్గర ఇటూ అటూ ఊపితే ఎక్కువ వచ్చిన అంకె మూలది.

ఐమూల గురించి ఇంకొక మాట. మేస్త్రీలందరికీ మూడు, నాలుగు, ఐదు లెక్క తెలుసు: ఒక వైపు మూడు, ఇంకో వైపు నాలుగు ఉంటే ఐమూల ఐదు రావాలి. పునాది గుర్తులకి ముగ్గు పోసేటప్పుడు తాడుతో మూల సరిచూసేది దానితోనే. 3600కి 4800 గది అనుకోండి. మూలమట్టం సరిగ్గా కుదిరితే రెండు ఐమూలలూ 6000 రావాలి. ఒకటి 5985, ఇంకోటి 6015 వచ్చిందంటే గది వాలిందన్నమాట. టైల్స్ వేశాక గోడ పక్కన ముక్కలు ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా కనిపిస్తే ఇంటివాళ్లు టైల్స్ మేస్త్రీని అంటారు. పాపం అతని తప్పేముంది? గోడ కట్టినప్పుడే తప్పింది. అందుకే టైల్స్ దించకముందే రెండు ఐమూలలూ కొలిచి, ఇంటివాళ్లకి చూపించి, పుస్తకంలో రాసుకోండి. తర్వాత గొడవ ఉండదు.

మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్ కొలిచేవాళ్లు ఒక వెడల్పుని ఒక్కచోట కొలిచి వెళ్లిపోవద్దు. కింద, నడుము ఎత్తులో, పైన, మూడు చోట్లా కొలవండి. ముందు అంచు దగ్గరా, వెనక గోడ దగ్గరా కొలవండి. మన గోడలు నిట్టనిలువుగా ఉండటం అరుదు. పెట్టెలు తక్కువ వచ్చిన కొలతకి చేయించుకోవాలి, మిగిలిన సందుని పట్టీతో మూయాలి. ప్లాస్టరింగ్ కాకముందు తీసిన కొలతతో పెట్టెలు కొట్టించి, చివరికి ఆ పెట్టెలు దూరక గోడ చెక్కిన సైట్లు నాకు తెలుసు. ప్లాస్టరింగ్, టైల్స్ రెండూ అయ్యాకే కోత కొలత.

చుక్క దేని మీద పడుతోందన్నది కూడా చూడాలి. సున్నం గోడ, సిమెంటు గోడ, చెక్క, వీటితో ఇబ్బంది లేదు. అద్దం మీద పడితే వెలుగు లోపలికి పోతుంది, లేదా తళుక్కున పక్కకు పోతుంది. కిటికీ అద్దం అవతల ఉన్న గోడ దూరం చూపించిన సందర్భాలు ఉన్నాయి. పాలిష్ పెట్టిన నల్ల గ్రానైట్ కూడా అంతే, ఆ గెలాక్సీ రాయి మీద చుక్క సరిగ్గా కనిపించను కూడా కనిపించదు. నీళ్లు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్, థర్మోకోల్ షీటు కూడా నమ్మదగ్గవి కావు. థర్మోకోల్‌లో వెలుగు కొంత లోపలికి ఇంకి తర్వాత తిరిగొస్తుంది. వీటన్నిటికీ ఒకటే ఉపాయం. ఒక తెల్ల అట్టముక్క దాని ముందు ఆనించి పట్టుకోవడం. నా బ్యాగులో పెళ్లి శుభలేఖ అట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వెనకవైపు తెల్లగా, గట్టిగా, వంగకుండా ఉంటుంది.

ఎండలో 10, 15 మీటర్లు దాటితే ఎర్ర చుక్క కంటికి ఆనదు. 50 మీటర్లు అని డబ్బా మీద రాసి ఉన్నా, అది నీడలో, తెల్ల గోడ మీద సంగతి. బయట కొలతలు పొద్దున్నే గానీ, పొద్దువాలాక గానీ పెట్టుకోండి. ఎర్ర కళ్లద్దాలు అమ్ముతారు, చుక్క బాగా కనిపించడానికి. అవి కంటికి రక్షణ కాదు. అవి పెట్టుకుని లేజర్ వంక చూడకూడదు.

కళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీటర్ మీద పసుపు చీటీ ఉంటుంది, క్లాస్ 2 అని. అంటే శక్తి ఒక మిల్లీవాట్ లోపు. పొరపాటున కంట్లో పడితే మనం రెప్ప వేసేస్తాం, అంతటితో సరి. కావాలని తదేకంగా చూస్తే మాత్రం ప్రమాదం. సైట్లో పిల్లలు తిరుగుతుంటారు, కూలీల బిడ్డలు. ఎర్ర చుక్క వెనక పరిగెత్తడం వాళ్లకి ఆట. వాళ్ల చేతికి ఇవ్వకండి.

ఇప్పుడు ఎత్తు. ఈ భాగం నాకు చాలా ముఖ్యం.

చాలా ఏళ్ల కిందట ఒక సైట్లో లిఫ్ట్ గుంట కొలుస్తున్నాం. నిచ్చెన మీద టేపు కొస పట్టుకున్న కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. కింద నుంచి నేను "ఇంకొంచెం లాగు, ఇంకొంచెం" అంటున్నాను. నిచ్చెన కాలు జారింది. అతను పడ్డది తక్కువ ఎత్తు నుంచే, తుంటి ఎముక విరిగింది. నడుస్తున్నాడు ఇప్పుడు, బరువు మాత్రం మోయలేడు. "ఇంకొంచెం లాగు" అన్న నా గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా దృష్టిలో ఈ మీటర్ చేసిన అన్నిటికంటే పెద్ద మేలు, ఒక మనిషిని నిచ్చెన ఎక్కించాల్సిన పని తప్పించడం. స్లాబ్ ఎత్తు కావాలా, నేల మీద నిలబెట్టి పైకి కొట్టండి. లిఫ్ట్ గుంట కావాలా, కింద నుంచి నేరుగా పైకి. ఎవరూ ఎక్కక్కర్లేదు.

పైకి నేరుగా కొట్టడానికి వీలుకాని చోట్ల, ఉదాహరణకి బయట గోడ ఎత్తు, అక్కడ త్రిభుజం లెక్క. గోడకి 8 మీటర్ల దూరంలో నిలబడ్డారు. మీటర్ ఉన్న ఎత్తులోనే గోడకి తిన్నగా కొడితే 8.000. కదలకుండా అక్కడి నుంచే గోడ పై అంచుకి కొడితే 10.000. మీటర్ ఉన్న మట్టం నుంచి గోడ ఎత్తు 6.000, మీటరే లెక్క కట్టి చెప్పేస్తుంది; నేల నుంచి మీటర్ దాకా ఉన్న ఎత్తు దానికి కలుపుకోవాలి. ఇందులో మీటర్‌ని చేత్తో పట్టుకోవద్దు, స్టాండ్‌కి బిగించండి. ఏటవాలు కొలతలో 5 మిల్లీమీటర్లు పోతే ఎత్తులో 8 పోతాయి. పెయింటింగ్ ఎస్టిమేట్‌కి, ఎలివేషన్‌కి ఈ లెక్క బాగా సరిపోతుంది. గ్రిల్ కోయడానికి పనికిరాదు.

వైశాల్యం బటన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. పొడవు, వెడల్పు కొడితే చదరపు మీటర్లు వస్తాయి. గజాలు కావాలంటే చదరపు అడుగుల్ని 9తో భాగించండి. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. అంకణం దగ్గర మాత్రం జాగ్రత్త, నెల్లూరులో 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఏ ఊరి అంకణమో అడక్కుండా రేటు మాట్లాడకండి.

మీటర్‌ని కాపాడుకోవడం కష్టం కాదు. సిమెంటు దుమ్ము మీటర్ ముక్కు దగ్గరున్న అద్దం మీద పడితే మెత్తని గుడ్డతో తుడవండి, లుంగీ అంచుతో వద్దు. వాడని రోజుల్లో సెల్స్ తీసేయండి, కారితే మీటర్ పోతుంది. ఇంట్లో రెండు గోడల మధ్య మంచి టేపుతో ఒకసారి కొలిచి పెన్సిల్‌తో అంకె రాసి పెట్టుకోండి. కింద పడినప్పుడల్లా అక్కడ ఒకసారి కొట్టి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే దాన్ని కోత కొలతలకి వాడకండి.

ప్రశ్నలు ఉన్నాయన్నారు. అడగండి.

వెనక నుంచి ఆ పెద్దాయన అడుగుతున్నారు: పక్క ప్లాటు వాళ్లు హద్దు దాటి గోడ కట్టారు, దీనితో కొలిచి చూపిస్తే చెల్లుతుందా అని. బాబాయ్, ఇది రెండు రాళ్ల మధ్య ఎంతుందో ఖచ్చితంగా చెబుతుంది. ఆ రాళ్లు ఉండాల్సిన చోట ఉన్నాయా లేదా అన్నది దీనికెలా తెలుస్తుంది? రాయి ఎవరైనా జరిపి ఉంటే మనం జరిపిన రాయి నుంచే కొలుస్తాం. మీకు అనుమానం ఉందో లేదో తేల్చుకోవడానికి కొలుచుకోండి. హద్దు తేల్చాలంటే అర్జీ పెట్టి ప్రభుత్వ సర్వేయర్‌ని పిలిపించుకోవాలి. మీటర్ అంకె పట్టుకుని పక్కవాళ్లతో గొడవకి దిగకండి.

ఆ అమ్మాయి ఫోన్లో కొలిచే యాప్ గురించి అడిగింది. సోఫా పడుతుందా లేదా చూసుకోవడానికి వాడుకో అమ్మా. కోసే కొలతకి వద్దు.

ఇంకెవరు? బావి లోతు. మంచి ప్రశ్న. నీళ్ల మీదకి కొడితే నమ్మలేం. ఒకసారి బావి అడుగుభాగం చూపిస్తుంది, ఒకసారి మధ్యలో అంకె ఏదో చూపిస్తుంది, ఒకసారి ఎర్రర్ అంటుంది. ఒక చెక్కముక్క మీద తెల్ల కాగితం అంటించి దారం కట్టి నీళ్ల మీదకి దించండి. తేలుతుంది కదా, అది స్థిరంగా నిలిచాక దాని మీదకి కొట్టండి. థర్మోకోల్ ముక్క వేయొద్దు, ఎందుకో చెప్పాను. మీటర్‌కి ఉన్న తాడుని మణికట్టుకి తగిలించుకోండి, గట్టు మీదకి వంగకండి. బావి మీద అడ్డంగా ఒక కొయ్య వేసి, దాని మీద మీటర్ పెట్టి కొలవండి. మూడుసార్లు కొట్టి, మూడూ దగ్గర దగ్గరగా వస్తేనే రాసుకోండి. ఆ కొలత నీళ్ల మట్టం దాకానే. నీళ్ల లోతుకి మాత్రం పాత పద్ధతే, రాయి కట్టిన తాడు.

ఈ బల్ల మీద నాలుగు మీటర్లు పెట్టాను. ఇద్దరిద్దరు జట్టుగా రండి, ఒకరు కొట్టండి, ఒకరు రాయండి, మిల్లీమీటర్లలో. ముందు హాలు వెడల్పు మిన్ పద్ధతిలో, తర్వాత రెండు ఐమూలలు మ్యాక్స్ పద్ధతిలో. కుడివైపు కిటికీ అద్దాలున్నాయి, అటు కొట్టేవాళ్లు అట్టముక్క తీసుకెళ్లండి. నీలం చొక్కా తమ్ముడూ, మొదట నువ్వే రా.